చప్పుడు ఆగితే

ఆదివారం పొద్దున్నే తొమ్మిదో తరగతి తెలుగు పేపర్ల కట్ట సంచిలో వేసుకుని చీరాలలో మావయ్య ఇంటికి వెళ్ళాను. మా అమ్మకు అన్నగారు. 30 ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. నేనూ ఆ దారినే వచ్చి, దగ్గర్లోని ఒక నేతపల్లె హైస్కూల్లో 12 ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఆయన పక్కన కూర్చుని పేపర్లు దిద్దడం నాకు అలవాటు. అనుమానం వస్తే అడగొచ్చు, కోపం వస్తే పోట్లాడొచ్చు. ఆ రోజు పోట్లాటే అయింది. అలంకారాల ప్రశ్న దిద్దుతుంటే మనసు కలుక్కుమని, ఎర్రపెన్ను పక్కన పెట్టేశాను. మా మాటలు భోజనాల వేళ దాకా సాగాయి. గుర్తున్నంతవరకూ రాస్తున్నాను.

నేను: మావయ్యా, ఈ అలంకారాల పేర్లు బడిలోంచి తీసేయాలి. పద్యాలు ఉంచండి, కథలు ఉంచండి. పేర్లు మాత్రం తీసేయండి.

మావయ్య: పొద్దున్నే అంత కోపం దేనికమ్మా? పిల్లలు ఏం తప్పు రాశారు?

నేను: చాలామంది బాగానే రాశారు. నా బాధ అదే. ఉపమకు లక్షణం రాయమంటే దాదాపు క్లాసంతా ఒక్క అక్షరం పొల్లుపోకుండా దించేసింది. దాని కింద నేనొక చిన్న వాక్యం ఇచ్చాను. ‘అమ్మ చెప్పినట్లే తమ్ముడు చేశాడు.’ ఇందులో అలంకారం ఉందా, ఉంటే ఏది? సగం మందికి పైగా ఉపమ అన్నారు. తమ్ముడు ఉపమేయమట, అమ్మ ఉపమానమట, ‘అట్లు’ ఉపమావాచకమట. ఒక పిల్లవాడు సమన్వయం ఆరు లైన్లు రాశాడు. చక్కటి దస్తూరి. చూస్తే ఏడుపొచ్చింది.

మావయ్య: వాళ్ళకు గుర్తు తెలిసింది, వస్తువు తెలియలేదు. ‘వలె, లాగా కనిపిస్తే ఉపమ’ అన్నది గైడు పుస్తకాల మాట. శాస్త్రంలో అలా లేదు. గవయం ఎలా ఉంటుందని అడిగితే ఆవులాగా ఉంటుందని చెబుతాం. అడవిలో ఆ జంతువును ఎప్పుడూ చూడనివాడికి అది ఆనవాలు. పోలికే, కాని అలంకారం కాదని పాతవాళ్ళే తేల్చారు. తర్కంలో దాన్ని ఉపమాన ప్రమాణం అంటారు, తెలుసుకోవడానికి పనికొస్తుంది. కావ్యంలో పోలిక వేరు. అది చెవిన పడగానే మనసులో ఏదో తళుక్కుమనాలి. ఆ తళుకు ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. పేరు దాని తర్వాత.

నేను: తళుక్కి మార్కులు ఉండవు కదా. పేరుకే ఉంటాయి. నా సంగతే చెబుతాను వినండి. పదో తరగతిలో ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులొచ్చాయి. అర్థాంతరన్యాసం. సామాన్యాన్ని విశేషంతో సమర్థించడం అని గబగబా రాసేశాను. ఆ పద్యంలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నాకు తెలియదు. ఎందుకు ఆ మాట అనాల్సివచ్చిందో అసలే తెలియదు. డిగ్రీలో మళ్ళీ చదివినప్పుడు, అది అన్నీ పోగొట్టుకున్న మనిషి తనను తాను ఓదార్చుకుంటున్న మాట అని అర్థమైంది. అన్నేళ్ళూ దాన్ని తెలిసిన పద్యాల్లో లెక్కేసుకున్నాను. పేరు తెలిసిందిగా, ఇంక చూడాల్సిందేముంది అనుకున్నాను.

మావయ్య: నేత ఊళ్ళో పాఠాలు చెబుతున్నావు. పడుగేదో పేకేదో తెలియనివాడు పోగు ఎక్కడ తెగిందో చెప్పగలడా?

నేను: నేసేవాళ్ళకు తెలియాలి. కట్టుకునేవాళ్ళకెందుకు? నా పిల్లలు చదివేవాళ్ళు, రాసేవాళ్ళు కారు.

మావయ్య: మీ అత్తయ్య చీర కొనేటప్పుడు ఎప్పుడైనా చూశావా? మడత విప్పగానే తిరగేస్తుంది. అంచు దగ్గర వెనకవైపు వేలితో తడుముతుంది. అప్పుడు చెబుతుంది మగ్గం చీరో మిల్లు చీరో. ఆవిడ ఏనాడూ మగ్గం గుంటలో కూర్చోలేదు. కట్టుకునేవాళ్ళకు తిరగేసి చూడటం తెలియాలమ్మా.

నేను: సరే. అయితే ఇది తిరగేసి చూడండి.

కట్టలోంచి ఒక పేపరు తీశాను. ‘మా ఇల్లు’ అని వ్యాసం. రాసింది నేతగాళ్ళ పిల్ల. అక్షరాలు ఏటవాలుగా ఉన్నాయి, రెండు చోట్ల ఒత్తులు తప్పు. ఆయన చేతికివ్వకుండా నేనే చదివాను.

‘మా ఇల్లు రెండు గదులు. ముందు గదిలో మగ్గం. మా నాన్న కాళ్ళు పగలంతా గుంటలోనే ఉంటాయి. మేం మగ్గం చప్పుడు వింటూ చదువుకుంటాం. చప్పుడు ఆగితే అందరం తలెత్తి చూస్తాం.’

మావయ్య కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

నేను: ఇందులో ఉపమ లేదు, రూపకం లేదు, అనుప్రాస లేదు. చదవగానే నాకు గొంతు పట్టేసింది. ఇదే పిల్లకు అలంకారాల ప్రశ్నలో సున్నా. మీ పేర్లు ఈ పిల్లకు ఏం చేశాయో చెప్పండి.

మావయ్య: ఏమీ చెయ్యలేదు, ఒప్పుకుంటాను. ఆ పిల్లకు వాటి అక్కర కూడా లేదు. అక్కర నీకుంది. గొంతు ఎక్కడ పట్టింది? ఏ మాట దగ్గర?

నేను: చివరి వాక్యం దగ్గర.

మావయ్య: దాన్ని మార్చి చదువు. ‘చప్పుడు ఆగితే మాకు భయం వేస్తుంది.’

చదివాను. ఏమీ అనిపించలేదు.

మావయ్య: ఏమైంది? ఆ పిల్ల చెప్పదలచుకున్నది భయమే కదా. నువ్వు ఇంకా తేటగా చెప్పావు.

నేను: భయం అని చెప్పేస్తే విని ఊరుకున్నాను. తలెత్తి చూస్తాం అన్నప్పుడు నేనూ వాళ్ళతో పాటు తలెత్తాను. పోగు తెగిందా, నాన్నకు నడుం పట్టేసిందా, నూలు అయిపోయిందా, అప్పిచ్చినవాడు గుమ్మంలోకొచ్చాడా... అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి.

మావయ్య: అలా వచ్చిపడటానికే ఆనందవర్ధనుడు ధ్వని అని పేరు పెట్టాడు. తొమ్మిదో శతాబ్దంలో, కాశ్మీరంలో. భావాన్ని దాని పేరుతో పిలిస్తే అది వినేవాడిలో పుట్టదు, చూపుల్లోంచీ చేతల్లోంచీ స్ఫురించాలి అని ఆయన వాదం. తర్వాతి లాక్షణికులు, భయమనో దుఃఖమనో నేరుగా పేరుపెట్టి చెప్పేయడాన్ని దోషాల్లో చేర్చారు. స్వశబ్దవాచ్యత అంటారు. నువ్వు ఇప్పుడు మార్చి చదివిన వాక్యంలో ఉన్నది ఆ దోషమే. ఆ పిల్ల వాక్యంలో తలెత్తి చూడటం అనుభావం, లోపలి భావాన్ని బయటపెట్టే చేత. ఉన్నదున్నట్టు, రంగు పులమకుండా చెప్పిన తీరు స్వభావోక్తి. ఒక్క అలంకారమూ లేదన్నావు చూడు, దండి కావ్యాదర్శంలో అర్థాలంకారాలు చెబుతూ మొట్టమొదట చెప్పింది స్వభావోక్తినే.

నేను: ఇవేవీ తెలియకముందే నాకు గొంతు పట్టింది కదా మావయ్యా.

మావయ్య: పట్టింది. ఎందుకు పట్టిందో మాత్రం మార్చి చదివేదాకా నీకు తెలియలేదు. ఈ శాస్త్రమంతా ఆ మార్చి చూడటంలోంచే పుట్టిందమ్మా. శబ్దాలంకారానికీ అర్థాలంకారానికీ తేడా ఎలా పట్టారనుకున్నావు? ఒక మాట తీసి, అదే అర్థమున్న ఇంకో మాట పెట్టు. సొగసు చచ్చిపోతే శబ్దాలంకారం, బతికితే అర్థాలంకారం. మమ్మటుడనే లాక్షణికుడి పరీక్ష ఇది. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అంటాం. దాన్ని ‘చెయ్యి కదిలితే గాని కడుపు నిండదు’ అని మార్చు. అర్థం ఎక్కడికీ పోలేదు. కాని ఆ మాటను ఎవరూ రెండోసారి అనరు. అక్కడ ప్రాణమంతా రెక్క, డొక్క అనే శబ్దాల్లో ఉంది. నీ పిల్ల వాక్యాల్లో చప్పుడు తీసి సద్దు అని పెట్టు, నాన్న తీసి అయ్య అని పెట్టు. ఏమీ కాదు. తలెత్తి చూడటాన్ని ముట్టుకున్నావంటే పోతుంది. ప్రాణం ఎక్కడుందో ఇప్పుడు నీకు తెలిసింది.

ఈ మాట నాకు లోపలికి దిగింది. క్లాసులో 40 మందితో ఈ పని చేయించవచ్చు. నల్లబల్ల మీద వాక్యం రాసి, ఒక్కో మాటా తుడిచి, వేరే మాట పెట్టి, మళ్ళీ చదివించడం. దానికి గైడు అక్కర్లేదు. అయినా నేను వదల్లేదు.

నేను: మార్చి చూడటం ఒప్పుకుంటున్నాను. వంద పేర్లు ఒప్పుకోను. భరతుడు నాట్యశాస్త్రంలో అలంకారాలు నాలుగే చెప్పాడు. ఉపమ, రూపకం, దీపకం, యమకం. అప్పయ్య దీక్షితుల కువలయానందం దగ్గరికొచ్చేసరికి వంద దాటాయి. నాలుగు వందెందుకయ్యాయి?

మావయ్య: దూరం కొలవడానికి. రెండు వస్తువులు పక్కపక్కన పెట్టినప్పుడు వాటి మధ్య ఎంత ఎడం ఉంది? ఆ ఎడం మారినప్పుడల్లా చెప్పేవాడి మనసు మారుతుంది. దీక్షితులు చిత్రమీమాంసలో ఉపమను వేషాలు మార్చే నటితో పోల్చి, ముఖాన్నీ చంద్రుణ్ణీ పట్టుకుని మాట తిప్పుతూ ఒక్కో అలంకారం చూపించాడు. ముఖమూ చంద్రుడూ విని విని మీకు విసుగొచ్చి ఉంటుంది. నీ పిల్ల ఇల్లే తీసుకుందాం. మగ్గం చప్పుడు, గుండె చప్పుడు. ఈ రెండే.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నా పేపర్ల కట్ట మీదున్న అట్ట వెనక రాయడం మొదలెట్టారు. ఒక్కొక్కటీ పైకి చదువుతూ రాశారు.

‘మగ్గం చప్పుడు గుండె చప్పుడులా ఉంది.’ ఇది ఉపమ. మగ్గం మగ్గమే, గుండె గుండే. చెప్పేవాడు బయట నిలబడి రెండింటినీ చూస్తున్నాడు. నిబ్బరంగా ఉన్నాడు.

‘ఇంటి గుండె కొట్టుకుంటోందేమో అన్నట్టుంది ఆ చప్పుడు.’ ఉత్ప్రేక్ష. ‘ఏమో’ వచ్చింది చూడు. ఎడం తగ్గింది. కాదని తెలుసు, అయినా మనసు అటే మొగ్గుతోంది.

‘వినిపిస్తున్నది మగ్గమా, గుండెనా?’ అని అడిగితే సందేహం. మనసు మధ్యలో ఊగుతోంది.

‘ఆ ఇంటికి మగ్గమే గుండె.’ రూపకం. ఎడం లేదు. ఇంక ఊగడం లేదు, నమ్మేశాడు.

‘అది మగ్గం చప్పుడు కాదు, గుండె చప్పుడు.’ అపహ్నవం. ఎవరో కాదంటున్నారు, వీడు గట్టిగా కొట్టిపారేస్తున్నాడు. ఇందులో పోట్లాట ఉంది.

‘తెల్లారేసరికి ఆ ఇంట్లో గుండె కొట్టుకోవడం మొదలైంది.’ ఇక్కడ మగ్గం మాటే లేదు. గుండె దాన్ని మింగేసింది. రూపకాతిశయోక్తి. నేత ఊరి మనిషికి చెప్పక్కర్లేదు. కొత్తవాడికి అర్థం కాదు. అంటే ఈ వాక్యం రాసినవాడికి తన వాళ్ళెవరో తెలుసు.

‘నా గుండె మగ్గంలా కొట్టుకుంది.’ తిరగేశాం. ప్రతీపం. ఇప్పుడు గుండె కంటే మగ్గమే అందరికీ తెలిసిన వస్తువైంది. ఏ ఊళ్ళో అలా అంటారో ఊహించు.

పప్పు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటున్న అత్తయ్య లోపలికి రాకుండానే అంది: “మా పుట్టింటి వీధిలో చంటిపిల్లలు మగ్గం ఆడుతున్నంతసేపూ నిద్రపోయేవాళ్ళు. ఆగితే లేచి ఏడ్చేవాళ్ళు. అమ్మ గుండెల మీద పడుకున్నామనుకునేవాళ్ళు కాబోలు.”

మావయ్య: విన్నావా? బిడ్డ నిజంగా అలా అనుకుంటే భ్రాంతిమంతం. ‘కాబోలు’ అన్నది మీ అత్తయ్య ఉత్ప్రేక్ష. ఒకదానిలో ఒకటి.

నేను అట్ట వైపు చాలాసేపు చూశాను. ఇన్నేళ్ళుగా ఈ పేర్లు చెబుతున్నాను. ఉపమకూ రూపకానికీ తేడా ‘వలె’ ఉండటం, లేకపోవడం అనే చెప్పాను. మాట్లాడే మనిషి ఎంత దగ్గరికి జరిగాడో చూడమని ఒక్కరికీ చెప్పలేదు.

నేను: ఇది కళ్ళు తెరిపించింది. అయినా ఇంకో కష్టం ఉంది. ఈ పేర్లు ఒక చోట నిలవవు. రూపకం అలంకారం. ధనంజయుడి దశరూపకంలో రూపకం అంటే నాటకం. రేడియోలో సంగీత రూపకం. పాట నేర్చుకునే పిల్లకు రూపక తాళం. ఇక ప్రాస. వృత్తపద్యంలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలవాలని చెబుతాను. పిల్లలు రోజూ వినేది సినిమా డైలాగులో చివర కలిసే మాటలు, వాటినీ ప్రాసే అంటారు. యతి అంటే సంస్కృతంలో ఆగే చోటు. తెలుగులో ఆగక్కర్లేదు, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11, శార్దూలంలో 13, మత్తేభంలో 14. అన్నిటికన్నా చిక్కు వ్యంగ్యం. శాస్త్రంలో వ్యంగ్యం అంటే స్ఫురించే అర్థం. పేపర్లో వ్యంగ్య చిత్రం అంటే ఎత్తిపొడుపు. ‘ఈ కవితలో వ్యంగ్యార్థం రాయండి’ అంటే పిల్లలు ఎవరిని వెక్కిరించారా అని వెతుకుతున్నారు.

మావయ్య: ఆ చిక్కును దాచకు, అదే పాఠం చెయ్యి. ఎత్తిపొడుపు ఎలా పనిచేస్తుంది? గ్లాసు పగలగొట్టినవాణ్ణి ‘మహా గొప్ప పని చేశావు’ అంటాం. మాట ఒకటి, అందేది ఇంకొకటి. మాట వెనకనుంచి అందేదంతా వ్యంగ్యమే. అందులో ఒక మూలనున్న ఎత్తిపొడుపు ఆ పేరంతా తనకే తెచ్చుకుంది. ఈ సంగతి చెబితే పిల్లలు రెండర్థాలూ మరిచిపోరు. యతి సంగతంటావా, పద్యం పైకి చదివించు. తెలుగు కవి మాటను యతి దగ్గర తెంచడు, దాని మీదుగా పరుగెత్తిస్తాడు. ఆగే చోటు లేదు గనక చెవికి ఒక పట్టు కావాలి, ఆ పట్టు ఈ అక్షరం ఇస్తుందని నేననుకుంటాను. అంకెలు తర్వాత. ముందు చెవి.

నేను: వచన కవిత్వానికి ఆ చెవి కూడా అక్కర్లేదన్నారు కదా.

మావయ్య: గణాలు అక్కర్లేదన్నారు. ధ్వని అక్కర్లేదని ఎవరూ అనలేదు. ప్రతీక, భావచిత్రం అని కొత్త పేర్లు పెట్టుకున్నారంతే. పేర్లు లేకుండా వాళ్ళకూ జరగలేదు.

నేను: మీరు ఎంత చెప్పినా ఒక్కటి మింగుడుపడదు మావయ్యా. ఆ పుస్తకాలు ఎవరికోసం రాశారు? ఓరుగల్లులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాశాడు. ఉదాహరణలు తనే కట్టుకున్నాడు, అన్నీ ప్రతాపరుద్రుడి మీదే. భట్టుమూర్తి నరసభూపాలీయం తీసినా అంతే, ఉదాహరణ ఎత్తితే నరసభూపాలుడే. రాజు కీర్తి, రాజు కత్తి, రాజు దానం. నా పిల్లల ఇళ్ళు వాటిలోకి ఎక్కలేదు. అందుకే అలంకారం అంటే తమది కాని వస్తువనుకుంటారు. పరీక్ష రోజు అద్దెకు తెచ్చుకుని వేసుకునే నగ అనుకుంటారు.

మావయ్య కాసేపు మాట్లాడలేదు.

మావయ్య: ఆ పుస్తకాల సంగతి నువ్వన్నది నిజం. లక్షణం ముందు పెట్టుకుని దానికి సరిపడా పద్యం కుట్టారు. పద్యం లక్షణానికి దాసీ అయింది. కాని ఇంకా వెనక్కి వెళ్ళు. వాచ్యార్థం ఒకటైతే ధ్వనించే అర్థం ఇంకొకటని చూపడానికి ఆనందవర్ధనుడు మొట్టమొదట తెచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? ప్రాకృత గాథ. హాలుడి గాథాసప్తశతిలోది. మన శాతవాహనుల నాటి సంకలనం. ‘అత్త’ లాంటి మాటలు అందులో తెలుగువాళ్ళు ఇప్పటికీ గుర్తుపడతారు. గోదావరి ఒడ్డున ఒక పొదరిల్లు ఉంది. అక్కడ ఒక ఆమె తన ప్రియుణ్ణి కలుసుకుంటుంది. ఒక సాధువు రోజూ పూలకని అటే వస్తున్నాడు. ఆమె అతన్ని రావద్దనలేదు. నిర్భయంగా తిరుగు స్వామీ, నిన్ను బెదిరించే కుక్కను ఇవాళ సింహం చంపేసింది, అది ఆ గోదావరి పొదల్లోనే ఉంటోంది అని చెప్పింది.

నేను: రమ్మన్నట్టే ఉంది. ఇంకెప్పుడూ రాడు.

మావయ్య: రమ్మనే మాటలో రావద్దని ఉంది. ధ్వని సిద్ధాంతం పాఠం అక్కడ మొదలైంది. రాజు లేడు, కత్తి లేదు. గోదావరి గట్టున ఒక ఆడమనిషి తెలివి ఉంది. ఆనందవర్ధనుడు ఇంకా ఎన్నో పల్లె గాథలు తీసుకున్నాడు. ఈ సంగతి మీ పిల్లలకు ఎవరైనా చెప్పారా?

నేను: నాకే ఇలా ఎవరూ చెప్పలేదు. గాథాసప్తశతి హాలుడు సంకలించాడు అన్నది ఒక్క మార్కు ప్రశ్నగా మాత్రమే తెలుసు.

ఆ తర్వాత ఇంకో పేపరు నేనే వెతికి తీశాను. మగపిల్లవాడిది. ‘మా వీధిలో పోయినేడు మూడు మగ్గాలు ఆగిపోయాయి’ అని రాశాడు. ఇది ఏమిటని మావయ్యను అడగకముందే నాకు తోచింది. మగ్గం చెక్క. దానంతట అది ఆగేదీ లేదు, కదిలేదీ లేదు. ఆగింది మూడిళ్ళ పని. మాటకు దాని సొంత అర్థం అక్కడ సరిపోలేదు, దానితో సంబంధమున్న ఇంకో అర్థంలోకి జరిగింది. లక్షణ. రైల్లో ‘స్టేషన్ వచ్చింది’ అన్నప్పుడు కూడా మాట ఇలాగే జరుగుతుంది. వచ్చింది మనమే, స్టేషన్ కాదు. కాని అది వాడి వాడి రూఢి అయిపోయింది, దాన్ని విని ఎవరూ ఆగరు. ఈ పిల్లవాడి వాక్యం దగ్గర ఆగుతాం. ‘మూడు కుటుంబాలకు పని పోయింది’ అని మార్చి చూశాను. వార్త మిగిలింది, వీధి పోయింది. ఆ వీధిలో నడుస్తున్నప్పుడు వినిపించకుండా పోయిన చప్పుడు పోయింది.

మావయ్య: ఇప్పుడు ఏ గైడు చూశావమ్మా?

నేను: చూడలేదు. కాని మీరు గెలిచారని కాదు. ఒకటి ఒప్పుకోండి. లక్షణం ముందు, లక్ష్యం తర్వాత అనే వరస తప్పు. వాక్యం ముందు రావాలి. దాన్ని మార్చి, పాడుచేసి, ఏం పోయిందో పిల్లలే చెప్పాలి. పోయినదానికి అప్పుడు పేరు ఇవ్వాలి.

మావయ్య: ఒప్పుకుంటాను. 30 ఏళ్ళు నేను తలకిందులుగానే చెప్పాను. లక్షణం అప్పజెప్పలేని పిల్లల్ని నిలబెట్టాను కూడా. వాళ్ళలో ఈ పిల్లలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో. ఆ లెక్క ఇప్పుడు తేలదు. కాని పేర్లు తీసేయమంటే మాత్రం ఒప్పుకోను. పేరు లేకపోతే ఇద్దరు మనుషులు ఒక పద్యం గురించి ‘బాగుంది’ అనుకుని లేచిపోవాలి. ‘నాకు బాగాలేదు’ అని ఒకడంటే ఆ పైన మాట సాగదు. ‘ఇక్కడ రూపకం వేశాడు, ఉత్ప్రేక్షతో ఆగితే బాగుండేది’ అన్నామనుకో, అప్పుడు ఇద్దరం పద్యంలోకి మళ్ళీ వెళ్ళాలి. మనం పొద్దుటినుంచీ చేస్తున్నది అదే.

నేను: పదో పన్నెండో పేర్లు ఉంచుతాను. లక్షణం కంఠస్థం చేయించను.

మావయ్య: కంఠస్థం చేయించు. ఇప్పుడు అర్థం కాకపోవచ్చు. ఇరవై ఏళ్ళకు ఎక్కడో ఒక మాట చదువుతుంటే లోపలినుంచి పైకొస్తుంది. నాకు అలా వచ్చినవి ఉన్నాయి.

నేను: రానివాళ్ళ సంగతి? వాళ్ళకు మిగిలింది భయమే. నేను చేయించను మావయ్యా.

ఆయన తల అడ్డంగా ఊపారు. నేనూ తగ్గలేదు. ఆ ముక్క దగ్గర మేం ఇప్పటికీ కలవలేదు. అత్తయ్య లోపలినుంచి, “కంచాలు కడిగి పెట్టాను” అంది. ఇద్దరం లేచాం.

చేతులు కడుక్కుని వచ్చేసరికి మావయ్య ఆ పిల్ల పేపరు చేతిలోకి తీసుకుని ఉన్నారు. వ్యాసం అక్కడితో అయిపోలేదా అన్నారు. వెనకపక్క ఇంకా ఉందని నేను గమనించలేదు. సమయం అయిపోతుంటే రాసినట్టు అక్షరాలు ఇంకా ఏటవాలుగా ఉన్నాయి. ఆయనకు చత్వారం, సన్నటి రాత కూడబలుక్కోలేక నాకిచ్చారు. చదివాను.

‘అమావాస్య నాడు మగ్గం నేయరు. ఆ రోజు మా ఇంట్లో గడియారం వినిపిస్తుంది.’

మావయ్య ఏదో అనబోయి ఆగారు. నేను ఆయన ముఖంలోకి చూశాను. పేరు చెబుతారనుకున్నాను.

“ఇంకోసారి చదువమ్మా” అన్నారు.